సముద్రం లేని మన జిల్లాల్లో సముద్రపు పక్షులు: రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

దసరా దాటి చలి మొదలయ్యాక జూరాల బ్యాక్‌వాటర్ మీద, శ్రీశైలం నీళ్లు వచ్చి నిలిచే కొల్లాపూర్, సోమశిల, అలంపూర్ వైపు తెల్లటి పక్షులు గుంపులుగా తిరుగుతుంటాయి. దూరం నుంచి చూస్తే కొంగల్లా ఉంటాయి, కానీ కొంగలు కావు. బాతుల్లా నీటి మీద తేలుతాయి, గద్దల్లా గాలిలో చక్కర్లు కొడతాయి. వీటిని గల్ పక్షులు అంటారు. సముద్రపు కాకులు అనే పేరు కూడా ఉంది. గద్వాల నుంచి బంగాళాఖాతం తీరానికి నేరుగా కొలిచినా 250 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మరి సముద్రపు పక్షికి ఇక్కడ ఏం పని?

రైతులు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి: ఇవి తుపానుకు కొట్టుకొచ్చాయా? వేరుశనగ విత్తనం ఏరుకుంటాయా? చెరువులో వేసిన చేప పిల్లలను తినేస్తాయా? నాటు కోళ్లకు రోగం తెస్తాయా? ఈ ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చూద్దాం. క్లుప్తంగా చెప్పాలంటే వీటి వల్ల పంటకు భయం లేదు. కోళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి.

ముందుగా గుర్తుపట్టడం

కొంగ: కాళ్లు, మెడ పొడవు. ఎగిరేటప్పుడు మెడ మడుచుకుంటుంది. ఒడ్డున, మడిలో నిలబడి వేటాడుతుంది. నీటి మీద తేలదు.

నీటికాకి: ఒళ్లంతా నలుపు. నీటిలో మునిగి చేపను పడుతుంది. తర్వాత రాయి మీదో మోడు మీదో కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటుంది.

గల్: ఒళ్లు తెలుపు, రెక్కల పైభాగం బూడిద రంగు, రెక్కల చివర నలుపు. కాళ్లు పొట్టి, వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు చర్మం ఉంటుంది. మన దేశంలోని జలాశయాలకు వచ్చే వాటిలో ముఖ్యమైనది గోధుమ తల గల్. ముక్కు, కాళ్లు ఎర్రగా ఉంటాయి. చలికాలంలో దాని తల తెల్లగా మారి, కంటి వెనుక ఒక నల్ల మచ్చ మాత్రమే మిగులుతుంది. దానికన్నా బాగా పెద్దగా, పసుపు ముక్కుతో ఉండేది పల్లాస్ గల్.

టెర్న్: గల్‌కు దగ్గరి చుట్టం. సన్నటి ఒళ్లు, చీలిన తోక. ముక్కు కిందికి పెట్టి నీటి మీద గాలిలో ఆగి, ఒక్కసారిగా దూకి చేపను పట్టుకుపోతుంది. వేసవిలో నల్ల టోపీ పెట్టినట్టు తల, పసుపు ముక్కు ఉంటే అది నది టెర్న్. ఇది వలస పక్షి కాదు, ఏడాది పొడవునా మన నదుల మీదే బతుకుతుంది.

సముద్రానికి దూరంగా ఎందుకు ఉంటాయి?

మొదటి కారణం, వీటి పుట్టిల్లు సముద్రం కాదు. గోధుమ తల గల్ గుడ్లు పెట్టి పిల్లలు చేసేది లడఖ్, టిబెట్, మధ్య ఆసియా ఎత్తైన భూముల్లోని సరస్సుల దగ్గర. లడఖ్‌లోని సో మొరిరి సరస్సు సముద్ర మట్టానికి 4,500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. పల్లాస్ గల్ కూడా మధ్య ఆసియా, మంగోలియా సరస్సుల్లోని దీవుల మీదే గూడు పెడుతుంది. ఆ సరస్సులు శీతాకాలంలో గడ్డకడతాయి. అప్పుడు తిండి కోసం దక్షిణానికి వస్తాయి. కొన్ని తీరం దాకా వెళ్తాయి, కొన్ని మధ్యలో మంచి నీళ్లు దొరికిన చోటే ఆగిపోతాయి. ఎక్కువ మంది వీటిని తీరం దగ్గర చూశారు కాబట్టి సముద్రపు పక్షి అనే పేరు వచ్చింది. ప్రపంచంలో గల్ జాతులు సుమారు 50 ఉన్నాయి. వాటిలో చాలా జాతులు పిల్లలు చేసేది లోపలి సరస్సులు, చిత్తడి నేలల దగ్గరే.

రెండో కారణం తిండి. గల్‌కు ఇదే కావాలన్న పట్టింపు లేదు. చిన్న చేప, చచ్చిన చేప, పీత, పురుగు, వానపాము, సంతలో పారేసిన వ్యర్థం, ఏది దొరికితే అది తింటుంది. అందుకే సముద్రం ఉన్నా లేకపోయినా దానికి బతుకు గడుస్తుంది.

మూడో కారణం దాని శరీర నిర్మాణం. గల్‌కు కళ్ల పైన ఉప్పు గ్రంథులు ఉంటాయి. సముద్రపు నీరు తాగితే ఎక్కువైన ఉప్పును ఆ గ్రంథులు వడగట్టి, ముక్కు రంధ్రాల గుండా బయటికి పంపేస్తాయి. అంటే గల్ ఉప్పు నీటిని తట్టుకోగలదే తప్ప దానికి ఉప్పు నీరే కావాలని లేదు. మంచి నీరు దొరికితే ఆ గ్రంథులకు పని తగ్గుతుంది.

నాలుగో కారణం రాత్రి భద్రత. నక్క, కుక్క, అడవి పిల్లి రాలేని వెడల్పాటి నీరు, నీటి మధ్య దిబ్బలు ఉంటే గుంపు అక్కడే రాత్రి గడుపుతుంది. చుట్టూ చెట్లు ఉన్న చిన్న కుంటలో ఇవి దిగవు. విశాలంగా, నాలుగు వైపులా కనిపించే నీరు కావాలి.

ఇక మన సంగతి. వనపర్తి సంస్థానం కాలం నుంచి ఈ ప్రాంతంలో చెరువుకే సముద్రం అని పేరు పెట్టుకున్నారు. శ్రీరంగాపురంలో రంగసముద్రం, నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం మీరు చూసినవే. తర్వాత 1980లలో శ్రీశైలం బ్యాక్‌వాటర్, 1990లలో ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వచ్చాయి. జూరాల పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లు, శ్రీశైలం 885 అడుగులు. వానకాలంలో నిండి, చలికాలమంతా నీరు నిలిచి, వేసవికి దిబ్బలు తేలే జలాశయం గల్, టెర్న్ పక్షులకు సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల రిజర్వాయర్లు తోడయ్యాయి. పొలాలకు నీరు తెచ్చిన ఈ పనులే పక్షులకు విడిది అయ్యాయి.

తుపానుకు కొట్టుకొచ్చాయా?

బలమైన తుపాను వచ్చినప్పుడు నడి సముద్రంలో బతికే కొన్ని పక్షులు గాలికి లోపలికి కొట్టుకురావడం నిజమే. అవి అలసిపోయి, ఒంటరిగా కనిపిస్తాయి. జలాశయం మీద చలికాలంలో గుంపుగా తిరిగే గల్ పక్షులు అలా వచ్చినవి కావు. ఉత్తరాన చలికి బయలుదేరి వస్తాయి, మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్తాయి. వాటిని చూసి వానకో తుపానుకో లెక్క కట్టి, కోతలూ మందు కొట్టడమూ మార్చుకోకండి. వాతావరణ శాఖ సూచననే నమ్మండి.

పంటకు నష్టమా, లాభమా?

గల్, టెర్న్ పక్షులు గింజలు తిని బతికేవి కావు. యాసంగి వేరుశనగ సాళ్లలో విత్తనం పెకిలించేవి కాకులు, నెమళ్లు, అడవి పందులు. వరి కంకిని కొట్టేవి చిలుకలు, పిచ్చుక జాతి పక్షులు. జొన్న, మొక్కజొన్న కంకుల మీద వాలేవీ ఇలాంటివే. తెల్ల పక్షుల గుంపు కనిపించిందని పొలంలో టపాకాయలు పేల్చాల్సిన పనిలేదు.

పైగా కొంత మేలు ఉంది. చలికాలంలో వరి మళ్ల మీద, చెరువు అంచుల మీద తక్కువ ఎత్తులో అటూ ఇటూ ఎగిరే చిన్న టెర్న్‌లను గమనించండి. మీసాల టెర్న్ అనే ఈ వలస పక్షి ఎగురుతూనే పురుగులను ఏరుకుంటుంది. యూరప్‌లో నాగలి వెనుక, ట్రాక్టర్ వెనుక గల్ పక్షులు గుంపుగా నడుస్తూ తిరగబడిన మట్టిలో పురుగులు, వానపాములు తింటాయి. మన దగ్గర ఆ పని కొంగలు, గోరింకలు చేస్తాయి.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 1848లో కొత్తగా వ్యవసాయం మొదలుపెట్టిన వారి పంట మీద రెక్కలు లేని మిడత లాంటి కీటకాలు దండుగా పడ్డాయి. దగ్గరలోని ఉప్పు సరస్సు నుంచి గల్ పక్షులు వచ్చి వాటిని తిని పంటను కాపాడాయని అక్కడి వారు చెప్పుకుంటారు. ఆ ప్రాంతం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. 1913లో ఆ పక్షులకు సాల్ట్ లేక్ సిటీలో స్మారక స్తంభం కట్టారు. కాలిఫోర్నియా గల్ యూటా రాష్ట్ర పక్షి కూడా.

అయితే వీటిని నమ్ముకుని సస్యరక్షణ మానేయకూడదు. పురుగు మందుకు ఇవి బదులు కావు, తోడు మాత్రమే.

చేప పిల్లల సంగతి

టెర్న్, గల్ రెండూ నీటి పైపొరలో తిరిగే చిన్న చేపలనే పడతాయి. ఎదిగిన బొచ్చె, రోహు వాటి వల్ల కాదు. నష్టం జరిగితే అది చేప పిల్లలు వదిలిన తొలి రోజుల్లోనే. సంచిలో ప్రయాణించి అలసిన పిల్లలు పైకి తేలుతూ ఉంటాయి కాబట్టి సులువుగా దొరికిపోతాయి. మత్స్యకార సంఘాల సభ్యులు, సొంత కుంటల్లో చేపలు పెంచే రైతులు ఇవి పాటించాలి:

ఏడాదంతా నీరుండే చెరువుల్లో 35-40 మిల్లీమీటర్ల పిల్లలకన్నా 80-100 మిల్లీమీటర్ల పిల్లలు వదలడం మేలు.

సంచిని విప్పకుండా 15-20 నిమిషాలు చెరువు నీటిలో తేలనివ్వాలి. తర్వాత కొంచెం కొంచెం చెరువు నీరు సంచిలోకి పోసి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేలా చూడాలి.

ఎండ ఎక్కాక వదలకూడదు. తెల్లవారుజామున లేదా పొద్దుగూకే వేళ, ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల వదలాలి.

చిన్న కుంట అయితే నీటి పైన తాళ్లు కట్టి మెరుపు రిబ్బన్లు వేలాడదీయండి. వదులుగా వల కప్పితే పక్షులు చిక్కుకుని చచ్చిపోతాయి, వలా పాడవుతుంది. తెగిన నైలాన్ వల ముక్కలను ఒడ్డున పారేయకుండా ఇంటికి తెచ్చేయండి.

అసలు జాగ్రత్త పడాల్సింది: నాటు కోళ్లు, బాతులు

2005లో చైనాలోని చింఘై సరస్సు దగ్గర వేల సంఖ్యలో వలస పక్షులు చనిపోయాయి. కారణం హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ. చనిపోయిన వాటిలో బార్ తల బాతులతో పాటు గోధుమ తల గల్, పల్లాస్ గల్ కూడా ఉన్నాయి. ఈ జాతులే చలికాలంలో మన దేశానికి వస్తాయి. మన దేశంలో కోళ్లలో ఈ రోగాన్ని తొలిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో గుర్తించారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి ప్రాంత కోళ్ల ఫారాల్లో నిర్ధారణ అయింది.

అలాగని ప్రతి గల్ పక్షీ రోగం మోస్తుందని అనుకోవద్దు. రోగం ఊరి నుంచి ఊరికి పాకడంలో మనుషుల పాత్ర పెద్దది. రోగం ఉన్న కోళ్లను కొనడం, అమ్మడం, గుడ్ల ట్రేలు, బండ్ల టైర్లు, చెప్పులకు అంటిన రెట్ట, ఇవన్నీ దారులే. ఊళ్లో పది కోళ్లు పెంచుకునే ఇంటికి అదే పండుగ ఖర్చు, పిల్లల గుడ్డు. అందుకే అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ జాగ్రత్తలు తీసుకోండి:

వలస పక్షులు దిగే చెరువు అంచుకు కోళ్లను, బాతులను తోలకండి. చెరువు నీటిని నేరుగా వాటికి పెట్టకండి. బోరు నీరు వాడండి.

దాణా, నీళ్లు కప్పు కింద పెట్టండి. బయట చల్లితే అడవి పక్షులు వచ్చి కలుస్తాయి.

చెరువుకు, చేపల వేటకు వెళ్లి వచ్చిన చెప్పులతో కోళ్ల గూటిలోకి వెళ్లకండి. గూటి దగ్గర వేరే చెప్పులు ఉంచుకోండి.

సంతలో కొన్న కోళ్లను రెండు వారాలు విడిగా ఉంచి, తర్వాతే పాత వాటిలో కలపండి.

కోళ్లు ఉన్నట్టుండి చనిపోవడం, తల వాపు, తురాయి నీలం రంగుకు మారడం, ముక్కు కారడం, గుడ్లు ఒక్కసారిగా తగ్గడం వంటివి కనిపిస్తే అదే రోజు పశువైద్యాధికారికి చెప్పండి. కొక్కెర రోగంలో కూడా కొన్ని ఇలాంటి లక్షణాలే ఉంటాయి. తేడా పరీక్షలోనే తెలుస్తుంది.

చనిపోయిన కోడిని కోసి వండుకోవడం, తక్కువ ధరకు అమ్మడం, కాలువలో పడేయడం చేయకండి. కాలువలో పడేస్తే కింది ఊళ్లకు రోగాన్ని మీరే పంపినట్టు. ఒట్టి చేతులతో తాకవద్దు, పిల్లలను దగ్గరికి రానీయవద్దు. అధికారి చెప్పినట్టు లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

ఒక ముఖ్య విషయం. రోగం నిర్ధారణ అయితే, ప్రభుత్వం తొలగించిన కోళ్లకే పరిహారం ఉంటుంది. అంతకు ముందే చచ్చిపోయిన వాటికి ఉండదు. దాచిపెట్టి ఆలస్యం చేస్తే నష్టపోయేది మీరే.

రోగం లేని ప్రాంతంలో బాగా ఉడికించిన కోడి మాంసం, గుడ్డు తినడానికి భయపడక్కర్లేదు. లోపలి దాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే ఈ వైరస్ బతకదు.

జలాశయం ఒడ్డున గల్, బాతు వంటి పక్షులు ఒకేచోట చాలా చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా అటవీ శాఖకు గానీ పశువైద్యాధికారికి గానీ కబురు చేయండి.

వేసవిలో దిబ్బల మీద గుడ్లు

గల్ ఇక్కడ గూడు పెట్టదు. కానీ నది టెర్న్ పెడుతుంది. మార్చి నుంచి మే వరకు నీరు తగ్గి తేలిన ఇసుక దిబ్బల మీద, రాతి దిబ్బల మీద చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడుతుంది. పుల్లలతో కట్టిన గూడు ఉండదు కాబట్టి గుడ్లు రాళ్లలో కలిసిపోయి కనిపించవు. పొదగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మండే ఎండలో తల్లి పక్షి పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషో కుక్కో తిరిగితే తల్లి లేచిపోతుంది, కొద్దిసేపట్లోనే గుడ్లు ఎండకు చెడిపోతాయి.

నది టెర్న్ సంఖ్య తగ్గుతున్నందున అంతర్జాతీయంగా ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. కర్ణాటకలోని భద్ర జలాశయం దీవుల మీద ఇవి వేల సంఖ్యలో పిల్లలు చేస్తాయి. ఆ భద్ర నీరే తుంగభద్రలో కలిసి మన అలంపూర్ పక్కగా వస్తుంది.

సంగమేశ్వరం గుడి నీటిలోంచి తేలే రోజుల్లో బ్యాక్‌వాటర్ అడుగు భూమిలో సాగు చేసేవారు, అక్కడ గొర్రెలు, బర్రెలు మేపేవారు గమనించండి. తల మీద పక్షులు అరుస్తూ పదేపదే మీ వైపు దూకుతుంటే అక్కడ గుడ్లు ఉన్నట్టే. అంత మేర వదిలి పక్కనుంచి వెళ్లండి. కుక్కలను వెంట తీసుకెళ్లకండి. అడవి పక్షులను చంపడం, వాటి గుడ్లు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం.

మందుల వాడకంలో మార్చుకోవాల్సినవి

గద్వాల వైపు సీడ్ పత్తిలో, మూడు జిల్లాల్లో వరి, మిరపలో మందులు ఎక్కువగా వాడుతున్నాం. ఆ మందు చివరికి చేరేది చెరువుకే. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ వంటివి చేపలకు చాలా విషం. చేప పోతే మత్స్యకారుడి కూలీ పోతుంది, పక్షి తిండీ పోతుంది.

స్ప్రేయర్‌ను కాలువలో, చెరువులో కడగకండి. కడిగిన నీటిని పొలంలోనే పోయండి.

మందు వేసిన మడి నీటిని వారం దాకా కాలువలోకి వదలకండి.

గుళికల మందును మట్టి పైన వదిలేయవద్దు, పక్షులు గింజలనుకొని తింటాయి. ఫోరేట్ గుళికల వాడకాన్ని 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత నిల్వ అంటూ ఎవరిచ్చినా తీసుకోకండి.

విత్తనం కాపాడుకోవడానికి విషపు గింజలు చల్లకండి. కాకి కోసం చల్లితే నెమలి తింటుంది, చచ్చిన నెమలిని తిన్న కుక్కా చస్తుంది. నెమలి చావు మీద కేసు కూడా అవుతుంది. విత్తనాన్ని సరైన లోతులో వేసి మట్టి బాగా కప్పండి. మొలక వచ్చే వరకు ఎనిమిది పది రోజులు కాపలా, రిబ్బన్లు చాలు.

నెలల వారీగా గుర్తుంచుకోండి

జూన్-సెప్టెంబరు: జలాశయాలు నిండే కాలం. చేప పిల్లలు వదిలేటప్పుడు పై జాగ్రత్తలు పాటించండి.

అక్టోబరు-నవంబరు: వలస పక్షుల రాక. కోళ్ల గూడు శుభ్రం చేసి సున్నం వేయండి. వేరుశనగ విత్తనానికి కాపలా పెట్టండి, విషం వద్దు.

డిసెంబరు-ఫిబ్రవరి: కోళ్లు, బాతులను చెరువుకు దూరంగా ఉంచండి. ఎక్కడైనా కోళ్లు గుంపుగా చనిపోతే వెంటనే తెలియజేయండి.

మార్చి-మే: గల్ పక్షులు వెళ్లిపోతాయి, టెర్న్ గుడ్లు పెడుతుంది. దిబ్బల మీదికి పశువులను, కుక్కలను తోలకండి.

కోళ్లు, పశువుల అత్యవసరానికి 1962కు, పంటల సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసినా వివరాలు చెబుతారు.